బెంచీ కింద సీసా

సీసా బెంచీ కింద నుంచి దొర్లుకుంటూ వెళ్లి టీచరమ్మ చెప్పుకు తగిలి ఆగింది.

క్లాసులో ఉన్న మగాళ్లందరి ఒళ్లోనూ ఒక్కో ప్లాస్టిక్ బొమ్మ ఉంది. అందరూ జడ అల్లడం ఆపేశారు.

అది తండ్రుల క్లాసు. సరిగ్గా చూసుకోలేదని అధికారులు పిల్లల్ని తీసుకెళ్లి హోములో పెట్టారు. వాళ్లు మళ్లీ ఇంటికి రావాలంటే నాన్నలు ముందు ఇక్కడ కూర్చోవాలి. స్నానం చేయించడం, జడ వేయడం, కోపం దిగమింగుకోవడం నేర్చుకోవాలి. తాగి వచ్చినా, సీసాతో దొరికినా ఇక అంతే సంగతులు. కబురు తిన్నగా జడ్జిగారికి చేరుతుంది.

“ఎవరిది?” అంది టీచరమ్మ.

సీసా వచ్చిన బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. ఒకడు వ్యాను డ్రైవరు. రెండో ఆయన ఎండైనా వానైనా ఊలు టోపీ తియ్యని మనిషి. అందరూ టోపీ అన్న అంటారు.

సీసా డ్రైవరుది. బొమ్మ జుట్టు చిక్కు తీస్తూ ముందుకు వంగితే, నడుం దగ్గర దోపుకున్నది కాస్తా జారింది.

భార్య పోయాక అతడు తాగుడు మరిగాడు. ఒకసారి పిల్లను ఇంట్లో పెట్టి తాళం వేసి, లోడు దింపడానికి వెళ్లి, ఎక్కడో తాగి పడిపోయాడు. ఏడుపు విని పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టించారు. అప్పటినుంచీ పిల్ల హోములోనే ఉంది. వచ్చే వారమే విచారణ.

డ్రైవరుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“నాదే మేడమ్,” అన్నాడు టోపీ.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. “నీదా? నిజం చెప్పు.”

“నాదేనండీ. బుద్ధి గడ్డి తిన్నది.”

చెప్పడానికి మనకే సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ క్షణంలో డ్రైవరుకు కలిగింది సంతోషమే.

టోపీ తన బొమ్మను బెంచీ మీద పెట్టి లేచాడు.

“తమ్ముడూ, ఆ పాయ వదులైంది, చూస్కో,” అని వెళ్లిపోయాడు.

“చూశారా, ఆ టోపీ కింద ఎంతుందో!” అన్నారు వెనకాల ఎవరో.

అందరూ నవ్వారు. డ్రైవరూ నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని భయం.

అసలు టోపీ అంటే మొదటినుంచీ అందరికీ అలుసే. “పిల్ల ఏడిస్తే ముందు ఎత్తుకోవాలా, ఎందుకని అడగాలా మేడమ్?” అని పసివాడిలా అడిగేవాడు. “ఇదీ తెలీకుండానే తండ్రివైపోయావా?” అని అందరికంటే గట్టిగా వెక్కిరించింది డ్రైవరే. జవాబు మాత్రం చెవులు రిక్కించి వినేవాడు. అతడికీ తెలియదు మరి.

క్లాసు అయ్యాక చూస్తే టోపీ బస్టాపులో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. డ్రైవరు వ్యాను ఆపాల్సింది. ముఖం చెల్లక అద్దం పైకెత్తుకుని పోనిచ్చాడు. టోపీయే చెయ్యెత్తాడు, ఆపమని కాదు, వెళ్లి రమ్మని.

విచారణలో టీచరమ్మ డ్రైవరు గురించి మంచి మాట చెప్పింది. పిల్ల ఇంటికొచ్చింది.

“నాన్నా, నువ్వు జడేస్తే నొప్పే లేదు. ఎవరు నేర్పారు?”

“ఒకాయన. పక్కన కూర్చునేవాడు.”

“ఆయనకీ పాప ఉందా?”

“ఉండే ఉంటుంది.”

“నాలాగే ఇంటికొచ్చేసిందా?”

డ్రైవరు చేతిలోంచి పాయలు జారిపోయాయి.

ఆ తరువాత సీసా ముట్టలేదు. అయినా పిల్ల వీపు తిప్పి ముందు కూర్చున్నప్పుడల్లా అతడికి తల కొట్టేసినట్టుండేది. తన పిల్ల కోసం ఇంకొకడి పిల్లను హోములో వదిలేసి వచ్చానన్న మాట ముద్ద దిగనిచ్చేది కాదు.

ఒకరోజు పిల్లను బడిలో దింపి, వ్యానును తిన్నగా టీచరమ్మ ఆఫీసు ముందు ఆపాడు. నిజం చెబితే పిల్లను మళ్లీ తీసుకుపోతారేమో. గుమ్మం దగ్గర కాళ్లు వెనక్కి లాగాయి. అయినా లోపలికి వెళ్లాడు.

“మేడమ్, ఆ సీసా నాది.”

టీచరమ్మ తాగబోతున్న టీ కప్పు కింద పెట్టేసింది.

“ఆయన నాకోసం అబద్ధం చెప్పాడు. నేను నోరు మూసుక్కూర్చున్నాను. నన్నేం చేస్తారో చెయ్యండి. ఆయన కూతుర్ని మాత్రం ఆయనకి ఇప్పించండి.”



“మళ్లీ మొదలెట్టాడని నేనూ నమ్మేశానయ్యా,” అంది ఆవిడ. “ఇంకో మాట అడక్కుండా, ఇక రావద్దనేశాను.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“గది ఖాళీ చేసి వెళ్లిపోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలీదు.”

“మరి పాప? హోములోనే ఉందా?”

టీచరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

“ఏ పాపయ్యా! ఎప్పుడో ఇదే క్లాసుకి సీసాతో వచ్చి దొరికిపోతే, ఆయన పాపని వేరేవాళ్లకి దత్తతకి ఇచ్చేశారు. ఇంకే నాన్నకీ అలా జరక్కూడదని, మీలాంటివాళ్ల పక్కన కూర్చోనివ్వమని నన్ను బతిమాలుకుని వచ్చేవాడు.”