వాన్‌పింగ్ కోటలో సోదా

"ఒక్కణ్ణే రానిస్తా. రెండోవాడు గడప దాటాడా, కాల్చేస్తా!" అన్నాడు చైనా హవాల్దారు లువాన్, కోట తలుపు సందులోంచి.

1937 జూలై, అప్పుడే తెలవారుతోంది. బయట జపాను పటాలం తుపాకులు ఎక్కుపెట్టి నిలిచి ఉంది. రాత్రి కవాతులో తమ సిపాయి ఒకడు తప్పిపోయాడనీ, చైనావాళ్లే అతణ్ణి కోటలో దాచారనీ వారి అభియోగం. పరాయి నేల మీద కవాతు చేసే హక్కు వారికెవరిచ్చారన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. అయిదింటిలోగా మనిషి దొరకకపోతే ఫిరంగులు పేలుస్తామన్నారు.

చైనా భాష కాస్త వచ్చిన ఒక సిపాయిని లోపలికి తోశారు. అప్పటికి నాలుగుంబావు.

"ఎక్కడ కావాలంటే అక్కడ చూడవయ్యా. లేడని తేలితే మాత్రం రాసివ్వాలి. ఆ కాగితం మీ దొరకి చూపిస్తా," అన్నాడు లువాన్.

"రాసిస్తాను," అన్నాడు సిపాయి తల దించుకుని.

ఇద్దరూ పరుగెత్తారు. గుర్రాలశాల, బొగ్గుల కొట్టు, బావి. కోట లోపలి ఊళ్లో గువో పెద్దమ్మ ఇంట్లో సిపాయి ఊరగాయ జాడీల మూతలు కూడా తీశాడు.

"అందులో ఏం చూస్తావురా? మీవాణ్ణి క్యాబేజీతో కలిపి ఊరేశాననుకున్నావా?"

"క్షమించండమ్మా."

"నీ క్షమాపణకేంగానీ, నా కోడలికి నెలలు నిండాయి. కదిలించలేను. మీవాడు దొరికితే కాల్చరు కదా?"

"దొరికితే కాల్చరు."

"అయితే వెతకరా నాయనా! ఆ మంచం కింద కూడా చూడు!"

ఆవిడ కేకకు వీధంతా లేచింది. గడ్డివాములు తిరగబడ్డాయి, పెట్టెలు తెరుచుకున్నాయి. శత్రువు ప్రాణాలతో దొరకాలని ఒక ఊరు ఊరంతా అంత ఆత్రంగా వెతకడం లువాన్ ఎన్నడూ చూడలేదు.

"అసలెలా తప్పిపోయాడయ్యా?" అన్నాడు రొప్పుతూ.

"కడుపు నొప్పని వరస వదిలి పొదల్లోకి వెళ్లాడు. అంతలో హాజరు పిలిచారు."

"ఓరి దేవుడా! దానికింత రభసా?"

"పై దొరలకు కబురు వెళ్లిపోయింది. మా సైన్యంలో పైకి వెళ్లిన కబురు తప్పని చెప్పేవాడుండడు."

అయిదుకు ఇంకా అయిదు నిమిషాలున్నాయి. ద్వారం దగ్గర లువాన్ కుంచె, సిరా అందించాడు.

"పైన తప్పిపోయినవాడి పేరు రాయి. కోటలో లేడని రాయి. కింద వెతికినవాడి సంతకం. కానీ, త్వరగా!"

సిపాయి చకచకా రాశాడు. సంతకం దగ్గర కుంచె ఆగింది. వీధి చివర గువో పెద్దమ్మ ఇంకా గంపలు తిరగేస్తూనే ఉంది. అతడు ఆవిడను చూశాడు. సంతకం చేసి, కాగితం లువాన్ చేతిలో పెట్టాడు.

గడువు తీరకుండానే మొదటి గుండు బురుజును తాకింది.

దుమ్ములో దగ్గుతూ లువాన్ కాగితం విప్పాడు. జపానువాళ్లు రాసేదీ చైనా అక్షరాలే గనుక చదవగలిగాడు.

రెండు చోట్లా ఒకే పేరు ఉంది.