పట్టేసిన బోల్టు

"నాన్నా, జాకీ ఇంకొంచెం లేపు."

సోమయ్య కడ్డీ తిప్పాడు. కారు ముందుభాగం మూలుగుతూ పైకి లేచింది. సుమతి కింద స్టాండు పెట్టి, కారును ఒకసారి ఊపి చూసి, చక్రం ఊడదీసి పక్కకు దొర్లించింది.

సుమతి కోదాడలో ట్రాక్టర్ల షోరూములో సర్వీసు పని చూస్తుంది. సొంత కారు మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వదు. కారు ముందు చక్రాల షాకబ్జర్లు రెండూ ఎప్పుడో పోయాయి. ఆయిలు కారిపోయి, చిన్న గుంతకే కారు దబ్బుమంటోంది. కొత్తవి స్ప్రింగులతో సహా సూర్యాపేట నుంచి తెప్పించింది.

ఈరోజే బిగించాలి. సాయంత్రం మిర్యాలగూడలో పెళ్ళిచూపులు. సోమయ్య అక్క గోపమ్మ ఇంట్లో రెండువైపులవాళ్ళూ కలవాలని మాట. అవతలివాళ్ళు సూర్యాపేట నుంచి వస్తారు. వీళ్ళు గరిడేపల్లి మీదుగా పోవాలి.

"గాడ నువ్వు నడుం పట్టుకుంట కారు దిగితే ఏం మర్యాద?" అంది సుమతి, బానెట్ కింద నట్లు విప్పుతూ.

పక్కింటి తిరుపతమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఓ సోమన్నా, పెళ్ళిచూపులు పెట్టుకొని ఇద్దరికీ ఈ గ్రీజు పూతలేంది? వాళ్ళు సూస్తే ఏమనుకుంటరు?"

"పనిమంతులు అనుకుంటరు అత్తా," అంది సుమతి.

తిరుపతమ్మ కిసుక్కున నవ్వి లోపలికి పోయింది.

"మంది అప్పుడే నవ్వుతున్నరు బిడ్డా," అన్నాడు సోమయ్య.

"నవ్వితే నవ్వనీ. నువ్వు పానా అందియ్యి."

ఎడమవైపుది చకచకా అయిపోయింది. కుడివైపే పేచీ వచ్చింది. కింది బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. సుమతి నూనె పోసింది. సుత్తితో తట్టింది. పానా మీద కాలు పెట్టి తొక్కింది. కదల్లేదు.

సోమయ్యకు లోలోపల హాయిగా అనిపించింది. వారం నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. సుమతి తల్లి పోయినప్పటినుంచి ఇంట్లో ఉన్నది ఇద్దరే. పొద్దున బిడ్డ చాయ పెడుతుంది, రాత్రికి ఆయన కూర వండుతాడు. ఏ గొడవా లేకుండా సాగిపోతున్న ఇల్లు. ఇప్పుడు పెళ్ళంటే ఈ ఇల్లు ఎట్లా మారిపోతుందో.

"ఇది వచ్చేటట్టు లేదు బిడ్డా. ఇంకో వారం వస్తమని అక్కకు ఫోన్ చేస్తా."

"ఏం చెయ్యొద్దు. పొడుగు పానా ఏది?"

"ఏమో, గీడనే ఉండాలె."

సుమతి టైరు వెనక చూసింది. డిక్కీలో చూసింది. చివరికి తండ్రి మొహంలోకి చూసింది.

"నాన్నా, జర లెవ్వు."

"ఎందుకు?"

"లెవ్వు చెప్తా."

సోమయ్య దొంగలా లేచాడు. ఆయన కూర్చున్న గోనెసంచి కిందే ఉంది పానా.

సుమతి నవ్వీ నవ్వీ అక్కడే కూలబడింది. తర్వాత ఆయన పక్కకు జరిగింది. "ఎందుకు నాన్నా గింత పరేషాన్ అయితున్నవ్?"

"ఇప్పుడీ పెళ్ళి అవసరమా? ఇద్దరం మంచిగనే ఉన్నం గద."

"ఉన్నం. ఎన్నేండ్లు గిట్లనే ఉంటం? పోయి సూసొద్దాం. నచ్చకుంటే చాయ తాగి వచ్చేద్దాం. బలవంతమేం లేదు."

సోమయ్య నేల మీద పుల్లతో గీతలు గీశాడు.

"నచ్చితే?" అన్నాడు చిన్న గొంతుతో.

సుమతి పొడుగు పానా బోల్టుకు తగిలించి, "పట్టు," అంది. ఇద్దరూ కలిసి గుంజారు. బోల్టు కిర్రుమని అరిచి కదిలింది.

స్నానాలయ్యాయి. రాత్రే ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కా తండ్రికిచ్చి, తను చేతికందిన చీర కట్టుకుంది సుమతి. ఊళ్ళోనే చక్రాల అలైన్‌మెంట్ చేయించి బయలుదేరారు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర సోమయ్య అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది.

"దాటినమా?" అన్నాడు.

"ఎప్పుడో."

సూర్యాపేటవాళ్ళు ముందే వచ్చేశారు. గోపమ్మ ఇంటి గేటు తీసి ఒక పొడుగాటి యువకుడు ఎదురొచ్చాడు. జితేందర్. నెల రోజులుగా సుమతీ అతనూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. సోమయ్య అతన్ని కిందికీ మీదికీ చూశాడు. బుద్ధిమంతుడే అనిపించింది. అయినా గేటు దగ్గరే ఆగిపోయాడు.

జితేందర్ ఆయన్ను చెయ్యిపట్టి తీసుకుపోయి, హాలు నడుమ వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, లోపలి గదివైపు తిరిగి, "అమ్మా, సిగ్గుపడింది చాలు, ఇగ బయటికి రా, పెళ్ళికొడుకు వచ్చిండు," అన్నాడు.