పప్పులో గోలీ

చింతపండులో గింజలు ఏరుతూ ఎల్లమ్మ వంటింటి మీద ఓ కన్నేసి ఉంచింది. కోడలు భవాని తెల్లటి గోలీని చెంచాతో నలిపి, ఆ పొడిని మొగుడు రాఘవేందర్ పప్పు గిన్నెలో కలిపింది.

"ఏం కలిపినవే?" ఎల్లమ్మ లేచింది.

భవాని ఉలిక్కిపడింది. "ఉప్పు, అత్తమ్మా."

"ఉప్పును నలగ్గొడ్తరా ఎవరన్న? నా కొడుకు తూలుతుండు, కక్కుతుండు. తాగుడేమో అనుకున్న. నువ్వా చేస్తున్నది!" కోడలి చేతిలోని గోలీల అట్ట లాక్కుంది.

భవాని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తాగుడు మాన్పే గోలీలు అత్తమ్మా. ఆయనకు తెల్వకుండ ఏస్తున్న."

"వాని బీపీ గోలీతోని పడుతదా? ఎవర్నన్న అడిగినవా?"

"లేదు."

"మెడికల్ షాపు తారిఖ్‌కు ఫోన్ కొట్టు. నా ముంగట్నే. స్పీకర్ల పెట్టు."

తారిఖ్ అంతా విని మండిపడ్డాడు. "దొంగతనంగ ఇచ్చే మందా అక్కా ఇది? బీపీ గోలీ గాక ఇంకేమన్న వాడుతుండా?"

"ఇంకేం లేదు తమ్మీ."

ఎల్లమ్మ మెల్లగా రొంటిన దోపిన సంచి విప్పి, మరో అట్ట తీసింది. "మజ్జిగల... నేను సుత ఏస్తున్న. పక్కింటి సీతారత్నం పెనిమిటి దీంతోనే మానిండంట."

భవాని దాని పేరు చదివింది. తారిఖ్ మొదటి అట్ట పేరు కూడా మళ్ళీ చదివించుకున్నాడు.

"రెండూ ఒక్కటే మందు. కంపెనీలే వేరు. డబులైంది, అందుకే ఆ తూలుడు. ఇయ్యాలే దవాఖానకు తీస్కపోన్రి."

"మరి రోజూ తాగొస్తుండు గద..." అంది భవాని.

"ఈ మందు మీద తాగితే ఎప్పుడో పడిపోయేటోడు. ఆయన మానేసి చాన రోజులైనట్టుంది అక్కా. ఇప్పుడైతే చుక్క సుత ముట్టనీయకున్రి. పానం మీదికొస్తది."

'నేను తాగలేదే అమ్మా' అని కొడుకు మొత్తుకున్నప్పుడల్లా తాను మూతి తిప్పుకోవడం ఎల్లమ్మకు గుర్తొచ్చింది.

అంతలో స్నానాల గది తలుపు తెరుచుకుంది. తల తుడుచుకుంటూ వచ్చిన రాఘవేందర్ రెండు అట్టలనూ, పొడి అంటిన చెంచానూ చూశాడు.

"నీ తాగుడు మాన్పియ్యాలనే బిడ్డా..." ఎల్లమ్మ అట్టలను కొంగు కింద దాచబోయింది.

అతను తల్లి వంక చూశాడు. భార్య వంక చూశాడు. తువ్వాలు కుర్చీ మీద పడేసి, చొక్కా తొడుక్కుని గేటు దాటాడు.

బోయిన్‌పల్లి మార్కెట్లో పనికి పోవాలంటే ఎడమకు తిరగాలి. కుడివైపు, సందు చివర, వైన్స్ ఒక్కటే ఉంది.

రాఘవేందర్ కుడివైపు తిరిగాడు.