కుందేలు చెవులు

"ఆ పేరు మాత్రం మైకులో చెప్పడానికి వీల్లేదు," అంది ఇర్మా.

పెద్దాయన డాన్ నబోర్ తన పాత కారుకి ఆనుకుని చెవి గోక్కున్నాడు. కారు నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లున్నాయి. ఊళ్ళో ఎవరు పోయినా వీధివీధికీ తిరిగి చెప్పేది ఆయనే.

"అమ్మాయీ, హసింతో ఊస్కాంగా అంటే ఎవడికి తెలుస్తుంది? 'కొనేహో' అనాలి. కుందేలు పోయాడంటే ఊరు ఊరంతా కదిలొస్తుంది."

"మా నాన్న మనిషి. జంతువు కాదు."

"నన్ను తేలు అంటారు. నేనేమైనా ఏడుస్తున్నానా? పైగా ఇంకొకణ్ణి తేలు అననీ, ఊరుకుంటానేమో చూడు! ఇక్కడ ఒక పేరు ఒక్కరిదే."

"నేను రాసిచ్చిందే చదవండి డాన్ నబోర్."

"నీ ఇష్టం. చెప్పమన్నంత చెప్పడమే నా పని."

కారు దగ్గుతూ కదిలింది.

ఆ పేరంటే ఇర్మాకి చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట. తండ్రి ఐసు తురిమి, చింతపండు పాకం పోసి, సరిగ్గా ఆమె చదివే బడి ముందే అమ్మేవాడు. అమ్మితే అమ్మాడు, నెత్తిన అట్టతో చేసిన పొడుగాటి కుందేలు చెవులెందుకు? "కొనేహో వచ్చాడహో!" అని తన పేరు తానే అరుస్తూ బండి చుట్టూ గెంతేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చదువవగానే హలాపా నగరం వెళ్ళి బ్యాంకులో చేరింది. పెళ్ళికి పిలుస్తూ కూడా, "ఆ చెవులు తేకు నాన్నా," అంది. ఆయన తేలేదు. ఓ మూల కుర్చీలో బుద్ధిగా కూర్చుని, భోంచేసి వెళ్ళిపోయాడు.

ఊరి గురించి ఒక్క మంచిమాట మాత్రం ఆమె ఒప్పుకునేది. ఇర్మా గ్రహణం మొర్రితో పుట్టింది. ఎప్పుడో కుట్లు వేయించినా పైపెదవి మీద గీత మిగిలిపోయింది. హలాపాలో మొదటిరోజే ఎవరో అడిగేశారు, అదేమిటని. ఈ ఊళ్ళో మాత్రం, ఆమెకి గుర్తున్నంతలో, ఒక్కరూ ఆ ఊసెత్తలేదు.

తండ్రి వెరాక్రూస్ ఆసుపత్రిలో పోయాడు. "మీ అమ్మ పక్కన పెట్టు," అన్నది ఆఖరి మాట. అందుకే ఊరికి తెచ్చింది. ఆయన ఉండే రేకుల ఇంట్లో బాగుండదని చర్చి పక్క హాలు తీసుకుంది.

మధ్యాహ్నమైంది. వేసిన కుర్చీలు వేసినట్టే ఉన్నాయి. కాఫీ చల్లారిపోయింది, రొట్టెల మీద కప్పిన గుడ్డ ఎవరూ తీయలేదు. శవపెట్టె దగ్గర తండ్రి పక్కింటి ముసలామె డోన్యా చోలే ఒక్కతే కూర్చుని జపమాల తిప్పుతోంది.

కిటికీ అవతల ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు.

"ఎవరే ఈ హసింతో?"

"ఏమో! పైఊరి మనిషై ఉంటాడు. పాపం."

"మన కొనేహో ఏమైపోయాడే? ఈ ఎండలకి ఐసు లేక పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు."

మాట్లాడుకుంటూనే వెళ్ళిపోయారు.

"చర్చి గంట కొట్టే వేళవుతోంది," అంది డోన్యా చోలే. "మోయడానికి నలుగురేరీ?"

"వ్యాను పిలుస్తాను."

"వ్యానా? దిక్కులేని శవాన్ని తీసుకెళ్ళినట్టా? హసింతోనా?"

ఇర్మా ఖాళీ కుర్చీల వైపు చూసింది. తండ్రిని ఇంత ఒంటరిగా ఎప్పుడూ చూడలేదు, ఆ పెళ్ళిలో తప్ప. లేచి బయటికి వెళ్ళింది. డాన్ నబోర్ మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"ఆ పేరే చెప్పండి."

ఆయన వెళ్ళి కారెక్కాడు.

"ఊరి జనులారా... మన కొనేహో పోయాడు..." మైకులో ఆయన గొంతు వీధివీధికీ వినిపించింది.

అంతే. దుకాణాల తలుపులు దడదడా పడ్డాయి. చేపలవాళ్ళు చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు. బడి మొత్తం పంతులమ్మ వెనకాలే వచ్చేసింది. ఇందాకటి ఇద్దరాడవాళ్ళూ గుమ్మంలోనే బావురుమన్నారు.

"నువ్వు తప్పుకోరా, ముందు వైపు నాది!"

"నీ ఒక్కడికేనా ఐసు పెట్టింది? జరుగు!"

పెట్టె మోయడానికి మగాళ్ళు తోసుకుంటున్నారు. డోన్యా చోలే తన చిరిగిపోయిన సంచీలోంచి అట్ట చెవులు తీసి పెట్టె మీద పెట్టింది. ఇర్మా వద్దనలేదు. ఏడుపు తన్నుకొచ్చింది, దాంతోపాటే ఇన్నేళ్ళ ఉక్రోషమూ.

"ఇంత మంచివాడు, నన్నెందుకు నవ్వులపాలు చేశాడు డోన్యా చోలే? ఎవరడిగారు ఆయన్ని ఆ కుందేలు వేషం వెయ్యమని?"

ముసలామె జపమాల ఆపి తెల్లబోయి చూసింది.

"నీకు చెప్పనేలేదా?"

"ఏం చెప్పలేదు?"

డోన్యా చోలే వేలితో ఆమె పైపెదవి మీది గీతని మెల్లగా తాకింది.

"చీలిన ఈ పెదవి చూసి ఊరు మొదట కుందేలని పిలిచింది మీ నాన్నని కాదు తల్లీ, నిన్ను, నువ్వు బడిలో చేరేలోపు ఆ పేరు నీ మీద నుంచి తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు."