మునిగిన పడవపిల్ల

ఆ రోజుల్లో ఇంటింటా గోడలే తెరలై కథలు చెప్పేవి, మార్చమంటే చాలు, ఎవరికి నచ్చిన ముగింపు వాళ్లకి. అందుకే హార్బరు కాలనీ కళామండలిని పదో తరగతి పిల్లల చేతికిచ్చినప్పుడు, వీళ్ల బుర్రకథకి నలుగురొస్తే గొప్పే అని పెద్దలు పెదవి విరిచారు. తీరా చూస్తే వింత చూద్దామని కాలనీ అంతా వచ్చి కూర్చుంది.

ఆ పిల్లల్లో హిమజ తంబురా భుజానికెత్తుకుని, తుఫానులో తమ్ముణ్ణి ఒడ్డుకి చేర్చి తాను మునిగిపోయిన పడవపిల్ల కథ మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి ముందు వరసలోంచి పైడమ్మ మామ్మ ఇంట్లో గోడకి చెప్పే అలవాటుకొద్దీ అరిచింది. "ముగింపు మార్చీయే పాపా!"

"మార్చు! మార్చు!" అని జనమంతా అందుకున్నారు.

ఒక్క మాట మారిస్తే చాలు, చప్పట్లే.

"మార్చను. మునిగిపోయింది" అని హిమజ పాటెత్తుకుంది.

ఒక్కరూ లేవలేదు. మామ్మ వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఏనాడూ పలకరించని పక్కింటాయన మంచినీళ్లందించాడు. కథ అయ్యాక కూడా ఎవరూ గోడల దగ్గరికి పోలేదు. ఆ పిల్ల మునగాలా వద్దా అని వీధిలోనే నిలబడి పోట్లాడుకున్నారు.

తెల్లారగానే మామ్మ వచ్చి హిమజ ఇంటి తలుపు తట్టింది. "ఇవాళ కూడా దాన్ని సంపేత్తావేటే?"

"తప్పదు మామ్మా."

"అయితే ముందు వరసలో రెండు సోట్లుంచు. మా పెద్దోణ్ణి కూడా తెస్తాను. ఆడు ఏడ్సి ఎన్నేళ్లయిందో!"