తలుపు చప్పుడు

"ఇది గూడా భయం కాదప్పా," అన్నాడు గోవిందన్న, ల్యాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండానే. "నెత్తురు పోసినావు. నెత్తురు సూస్తే అసయ్యమైతాది గానీ భయమెట్లైతాది?"

లోకేష్ మొహం మాడిపోయింది. ఆదోనిలో పెళ్లి వీడియోలు తీసి బతికే లోకేష్, ఆ పెళ్లి కెమెరాతోనే నానా అవస్థలు పడి తీసిన దయ్యం సినిమా అది. హైదరాబాదులో చిన్న సినిమాల పోటీకి సాయంత్రంలోగా పంపాలి. పంపేముందు ఒక్క మనిషి మాట వినాలనుకున్నాడు. ఆ మనిషి సినిమావాడేం కాదు, పెద్దకడుబూరు దగ్గర పల్లెలో కూలికి పోయే గోవిందన్న.

గోవిందన్నకు దయ్యాల సినిమాల పిచ్చి. అందులోనూ పేరూ ఊరూ లేని కుర్రాళ్లు తీసి యూట్యూబులో పెట్టే చిన్న సినిమాలంటే ప్రాణం. లోకేష్ ఏది పెట్టినా కింద "మేమిద్దరం సూసినాం. భయం రాలేదు" అని రాసేవాడు. మొదట్లో లోకేష్‌కు ఒళ్లు మండేది. పోనుపోను, ఊరికే పొగిడేవాళ్ల కన్నా ఈ తిట్టేవాడే నయమనిపించింది. కొన్ని నెలలుగా ఆ రాతలు ఆగిపోతే, ఎలాగో నెంబరు సంపాదించి, బతిమాలి పిలిపించుకున్నాడు.

"ఇద్దరమని రాస్తాంటివి గదా, వదినను గూడా పిల్సకరావాల్సింది," అన్నాడు లోకేష్, ఇందాక గోవిందన్న గదిలోకి రాగానే.

"ఆయమ్మ లేదప్పా. మొన్న సుగ్గప్పుడు పోయింది."

లోకేష్ అయ్యో అన్నాడు. టీ తెప్పించాడు. చావు కబురు విన్న నోటితోనే సినిమా మాట ఎత్తడానికి సిగ్గేసింది గానీ, గడువు ముంచుకొస్తోంది. ఎవరి ఏడుపు వాళ్లది.

తెర మీద ఖాళీ పల్లె కనిపించింది. ఏ ఇంటికి చూసినా తాళమే.

"ఊరు బాగుండాది. ఎందుకు ఖాళీ అయిందో సూపీలేదే?"

"సుగ్గికి పోయినారని జనమే అనుకుంటారు లేన్నా."

ఇక్కడ పనుల్లేని నెలల్లో ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి వలస పోతాయి. దాన్నే సుగ్గి అంటారు. గోవిందన్న ఒప్పుకోలేదు.

"పోయేది సూపల్లప్పా. కోడి కూయకముందే రెండు బండ్లొస్తాయి. ఆడోళ్లొక దాంట్లో, మొగోళ్లొక దాంట్లో. ఆ బండి ఒక మేస్త్రీ కాడికి, ఈ బండి ఇంకో మేస్త్రీ కాడికి. వారం పదినాళ్లకు గానీ ఒకరి మొగం ఒకరు సూసుకోరు. సీకట్లో తడుముకుంటా తాళమేసి, మూటలతో పరిగెత్తి ఎక్కుతాము. అది సూపిస్తే, ఈ ఊరు సూసినప్పుడు భయమైతాది. ఈ కాలపు పిల్లోళ్లు మీరంతా ఇంతే. దయ్యాన్ని సూపిస్తారు, మనుషుల్ని సూపీరు."

లోకేష్ తల గోక్కున్నాడు. చెప్పింది సబబే. కానీ మళ్లీ తీసే తీరిక ఎక్కడిది?

ఇంతలో ఆఖరి సీను వచ్చింది. హీరోయిన్ తాళం వేసిన తలుపు ముందు నిలబడింది. లోపల్నించి చప్పుడు. దబ్, దబ్, కాసేపు ఏమీ లేదు. మళ్లీ దబ్బుమని ఒకటి, ఆ వెనకే చెక్క మీద గోళ్లతో గీరుతున్నట్టు సన్నని రాపిడి.

గోవిందన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మళ్లీ పెట్టు."

పెట్టాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు. లోకేష్ గుండె పొంగింది. ఇన్నాళ్లకు ఈ మొండిఘటం భయపడింది!

"ఆ సప్పుడే తీసెయ్ అంటాండారన్నా మా ఎమ్మిగనూరు దోస్తులు. మిషన్లో కల్పించినట్లుందంట. ఇది కల్పించింది కాదు!"

"యాడ పట్టినావు?"

"మీ దిక్కే. సుగ్గిలో ఊరి నిశ్శబ్దం రికార్డు చేద్దామని మైకు ఎత్తుకోని పోయినా. పీర్ల సావిడి ఎనక సందులో ఒక ఇంట్లోంచి ఇట్ల వినపడింది. అదృష్టం గదన్నా!"

"లోపల ఏముందో సూల్లేదా?"

"బయట తాళముంటే లోపలెవరుంటారు? పిల్లో, పందికొక్కో."

"ఎంతసేపు?"

"పొద్దు వాలేదాకా. ఇంకా బాగ పట్టుకుందామని మర్నాడు గూడా పోయినా. అప్పటికి సన్నబడిపోయింది. అందుకే మొదటి దినందే వాడినా."

గోవిందన్న మొలతాడుకు కట్టుకున్న ఇంటి తాళంచెవిని పిడికిట్లో బిగించాడు. లోకేష్ దాన్ని కూడా తన సినిమా గొప్పతనంలోనే వేసుకున్నాడు.

"ఇంతకీ ఉంచల్లా, తీసెయ్యల్లా? నువ్వెట్లంటే అట్ల."

"ఉంచు." గోవిందన్న తెర మీది తలుపునే చూస్తున్నాడు. "నీ సినిమాలో భయమైంది అదొక్కటే."

లోకేష్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. నవ్వుతూ అన్నాడు: "ఆ పొద్దు నా ఎంట వచ్చిన మా శేషప్ప ఒకటే గొణుగుడన్నా, లోపల మనిషుందేమో, తాళం పగలగొడదామని. పిచ్చోడు! మనిషే ఉంటే ఒక్క కేకన్నా ఎయ్యదా?"

గోవిందన్న తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నా పెండ్లాం పుట్టుమూగప్పా."