ఎడమవైపు

మార్చి పదకొండు. ఆవిడ అంత్యక్రియల నుంచి తండ్రి ఇంటికి వచ్చి కూతురు తిన్నది రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు.

కన్నీళ్లు రాలేదు. రావడానికి ఆవిడ తనకేమవుతుంది?

తండ్రి రాజకీయాల్లో వెలిగినన్నాళ్లూ ఆవిడ సెక్రటరీ. అమ్మ బతికుండగానే అంతకు మించి. అమ్మ పోయాక భార్య.

“ఇకనైనా పిన్నీ అని పిలవమ్మా,” అన్నాడు తండ్రి అప్పట్లో.

కూతురికి నోరు రాలేదు. చివరిదాకా “సెక్రటరీ గారూ” అనే పిలిచింది.

ఆవిడ చోటు ఎప్పుడూ ఆయన కుర్చీ వెనక, ఎడమవైపు. పదవి పోయినా ఆ చోటు వదల్లేదు. సొంత కూతురు వచ్చినా సరే, వంగి ఆయన చెవిలో ఏదో ఊదాల్సిందే.

తండ్రి ప్రేమ మాత్రం తగ్గలేదు. తను ఎదుట కూర్చోగానే, “ఏమ్మా చిట్టీ, పాపకి జ్వరం తగ్గిందా?” అనేవాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ గడప తొక్కేది.

పోయిన నెల ఉండబట్టలేక అడిగేసింది.

“ఒక్క పూట మా నాన్నతో నన్ను ఒంటరిగా మాట్లాడనివ్వరా? చెవిలో జోరీగలా ఎప్పుడూ మీరేనా?”

“ఇవాళ వద్దమ్మా. అలిసిపోయి ఉన్నారు.”

“అలిసిపోయింది ఆయనా, మీరా?”

“నేనే అనుకోమ్మా,” అందావిడ, కుర్చీ వీపు పట్టుకుని.

ఇప్పుడు అడ్డు లేదు. గదిలో తండ్రీ కూతురూ ఇద్దరే.

ఆయన చేతులు జోడించాడు. ఓట్లడిగిన నాటి నవ్వే.

“చెప్పండమ్మా. ఏం పని మీద వచ్చారు?”

“వేళాకోళమా నాన్నా?”

నవ్వు చెదరలేదు. తల ఎడమవైపు వంచి, ఎవరూ లేని చోటికి చెవి అప్పగించి, ఆయన ఎదురుచూశాడు.

పాప జ్వరం సంగతి తను ఫోన్లో చెప్పింది ఆవిడకే.

కూతురు లేచి, కుర్చీ వెనక్కి వెళ్లి, ఎడమవైపు వంగింది.

“మీ అమ్మాయి వచ్చింది. చిట్టి. బాగా అలిసిపోయింది.”

ఆయన మొహం విప్పారింది.

“ఏమ్మా చిట్టీ, అలిసిపోయావా? కాస్త నడుం వాల్చరాదూ?” అన్నాడు, ఎదుటి ఖాళీ కుర్చీతో.

పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే, కళ్లు మూసుకునే అడిగాడు.

“మిమ్మల్ని ఈ పనిలో ఎవరు పెట్టారమ్మా?”

“పిన్ని,” అని, కూతురు చప్పుడు కాకుండా తలుపు మూసింది.